ఏబీఎస్ లైటు వెలిగితే మొదట చక్రాల దగ్గర చూడండి

వానలో సింహాచలం ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు గట్టిగా తొక్కితే పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుంది. చాలామంది భయపడి కాలు తీసేస్తారు. తీయకండి, అలాగే నొక్కి పట్టండి. అది ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రం తిరగడం ఆగి జారిపోకుండా (లాక్ కాకుండా) చూసే ఏర్పాటు, పనిచేస్తున్న చప్పుడే.

చక్రం దగ్గరున్న సెన్సర్, చక్రంతో పాటు తిరిగే పళ్ల రింగును చూసి వేగం చెబుతుంది. ఒక చక్రం ఉన్నట్టుండి మందగిస్తే అది లాక్ కాబోతోందని లెక్క. ఆ చక్రానికి బ్రేక్ ఆయిల్ వెళ్లే ఇన్‌లెట్ వాల్వ్ మూసుకుంటుంది. అయినా జారుతుంటే అవుట్‌లెట్ వాల్వ్ తెరుచుకుని కొంత ఆయిల్ వదులుతుంది, పంపు దాన్ని మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే భాగం) వైపు వెనక్కి తోస్తుంది. పట్టు దొరకగానే మళ్లీ ప్రెషర్. సెకనులో ఇదంతా చాలాసార్లు జరుగుతుంది.

మన విశాఖలో అసలు బాధ ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు ఆరుబయట నిలిపే బండ్లలో రింగు తుప్పుపట్టి పొరలు లేస్తుంది. సెన్సర్‌కూ రింగుకూ మధ్య సందు సుమారు 1 మిల్లీమీటరే కాబట్టి సిగ్నల్ చెడుతుంది, ఏబీఎస్ లైటు వెలగొచ్చు. పొడి రోడ్డు మీద, బండి ఆగబోతుండగా పెడల్ కొట్టుకుంటే అనుమానం దీనిమీదే. మెకానిక్ ఖరీదైన మాడ్యులేటర్ (ఆ వాల్వులు, పంపు ఉండే పెట్టె) మార్చేయమంటే వెంటనే ఒప్పుకోకండి. ముందు రింగు, సెన్సర్ వైరు, కనెక్టర్ చూపించమనండి. ఇనుప పళ్ల రింగైతే వైర్ బ్రష్‌తో తుప్పు గీకొచ్చు. బేరింగ్‌లో ఉండే అయస్కాంత రింగును మాత్రం గీకితే పాడవుతుంది.

బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, 2 ఏళ్లకోసారి మార్పించండి.