లోపల స్ట్రింగే, అయినా కుదరదంది

జావా వర్చువల్ మెషీన్ మీద నడిచే చిన్న స్క్రిప్టు భాష ఒకటి రాసుకుంటున్నాను. ఏ మెథడ్‌ని పిలవాలో అందులో ప్రోగ్రాం నడిచేటప్పుడే తేలాలి. జావా 7లో వచ్చిన ఇన్‌వోక్‌డైనమిక్ అనే ఆదేశం ఉన్నది ఇందుకేగా అని ధీమాగా దిగాను.

ముందు కాస్త అలవాటు పడదామని స్ట్రింగ్ క్లాసులో రెండు స్ట్రింగులను కలిపే కాంకాట్‌కి ఒక మెథడ్‌హ్యాండిల్ (ఆ మెథడ్‌ని పిలవడానికి పట్టుకునే పిడిలాంటి ఆబ్జెక్ట్) తీసుకుని ఇన్‌వోక్‌ఎగ్జాక్ట్‌తో పిలిచాను. టైపులు కుదరలేదంటూ రాంగ్‌మెథడ్‌టైప్‌ఎక్సెప్షన్! ఇచ్చిన రెండు ఆర్గ్యుమెంట్ల క్లాసులూ ప్రింట్ చేసి చూశాను. రెండూ స్ట్రింగే. సాయంత్రమంతా అక్కడే పోయింది.

కంపైలర్ తయారుచేసిన బైట్‌కోడ్‌ని జావాపీ అనే పనిముట్టుతో విప్పి చూస్తే గానీ అర్థం కాలేదు. ఆ వాల్యూలను నేను ఏ క్లాసుదైనా పట్టే ఆబ్జెక్ట్ టైపు వేరియబుల్స్‌లో పెట్టుకున్నాను. కంపైలర్ వేరియబుల్ టైపునే రాసుకుంది, లోపల ఏముందో దానికి అనవసరం. ఆ రాసుకున్నది హ్యాండిల్ టైపుతో పొల్లు పోకుండా సరిపోవాలంటుంది ఇన్‌వోక్‌ఎగ్జాక్ట్. సరే అని ఆర్గ్యుమెంట్లను స్ట్రింగ్‌కి కాస్ట్ చేశాను, అంటే వాటి టైపు స్ట్రింగ్ అని కోడ్‌లోనే రాశాను. మళ్లీ అదే ఎర్రర్. ఈసారి తేడా రిటర్న్ టైపులో. ఫలితాన్ని కాస్ట్ చేయకపోతే ఆబ్జెక్ట్ అనీ, అసలు తీసుకోకుండా వదిలేస్తే వాయిడ్ (ఏమీ తిరిగి రాదు) అనీ కంపైలర్ రాసేస్తుంది.

నా భాషలో టైపులు ముందే తెలియవు కాబట్టి కాల్‌సైట్లన్నిటికీ, అంటే ఇన్‌వోక్‌డైనమిక్‌తో మెథడ్‌ని పిలిచే చోట్లన్నిటికీ, ఆబ్జెక్ట్ టైపే ఇచ్చాను. కాల్‌సైట్‌ని మొదట సిద్ధం చేసే బూట్‌స్ట్రాప్ మెథడ్‌కి టైపులు అందుతాయి గానీ వాల్యూలు అందవు. అందుకని మొదటి పిలుపులో మెథడ్‌ని వెతికి, దొరికిన హ్యాండిల్‌ని యాజ్‌టైప్‌తో కాల్‌సైట్ టైపుకి మార్చి అతికించాను. రిసీవర్ (మెథడ్‌ని ఏ ఆబ్జెక్ట్ మీద పిలుస్తామో అది) క్లాస్ మారితే మళ్లీ వెతికేలా గార్డ్‌విత్‌టెస్ట్‌ని కాపలా పెట్టాను.

అసలు చిక్కు స్ట్రింగ్‌లో ఒక ముక్కను తీసిచ్చే సబ్‌స్ట్రింగ్ దగ్గర వచ్చింది. నా భాషలో పూర్ణసంఖ్యలన్నీ లాంగ్‌లు (64 బిట్లవి), దానికేమో ఇంట్ (32 బిట్లది) కావాలి. యాజ్‌టైప్ మార్చడానికి ఒప్పుకుంది, తీరా నడిపితే క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్. ఇంట్ కన్నా చిన్నదైన షార్ట్ ఇస్తే ఇంట్‌గా పెంచుతుంది, లాంగ్‌ని మాత్రం కుదించదు. యాజ్‌టైప్ బదులు, బలవంతంగానైనా మార్చే ఎక్స్‌ప్లిసిట్‌కాస్ట్‌ఆర్గ్యుమెంట్స్ వాడితే పని అయిపోతుంది, నిజమే. కాకపోతే ఇంట్‌లో పట్టని బిట్లను చప్పుడు చేయకుండా కోసేస్తుంది. తప్పు జవాబు కన్నా ఎర్రరే నయం అనిపించి, లాంగ్‌ని ఇంట్‌గా మార్చే, మ్యాథ్ క్లాసులోని టుఇంట్‌ఎగ్జాక్ట్‌ని ఫిల్టర్‌ఆర్గ్యుమెంట్స్‌తో మధ్యలో కూర్చోబెట్టాను. మరీ పెద్ద సంఖ్య వస్తే అక్కడే అరిథ్మెటిక్‌ఎక్సెప్షన్ విసురుతుంది.

సంఖ్య ఉండాల్సిన చోట నల్ (ఏ వాల్యూ లేదని గుర్తు) ఇస్తే ఇప్పటికీ నల్‌పాయింటర్‌ఎక్సెప్షనే. నా భాషలో నల్‌కి ఏ అర్థం ఇవ్వాలో తేల్చుకునేదాకా దాన్ని కదపను.