లాగ్‌బుక్కులో కనపడని పని

ఆదివారం, రాత్రి

ఇవాళ మా హామ్ రేడియో క్లబ్బులో, అంటే లైసెన్సు తీసుకుని సొంత వైర్‌లెస్ సెట్ల మీద ఊళ్లూ దేశాలూ దాటి మాట్లాడే హాబీ ఉన్నవాళ్ల క్లబ్బులో, పెద్దాయనకు సన్మానం చేశాం. హైదరాబాద్‌లో కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న కుర్రాళ్లలో చాలామంది డాబాల మీద మొదటి యాంటెన్నా కట్టింది ఆయనే. ఎవరి దగ్గరా పైసా తీసుకోరు.

మా హాబీలో గుర్తింపు అంత తేలిగ్గా రాదు. ఫలానా దేశంతో మాట్లాడానని మనం చెప్పుకుంటే చెల్లదు, అవతలి మనిషి కూడా ఔనని క్యూఎస్ఎల్ కార్డు, అంటే మాట్లాడినట్టు ధ్రువీకరించే కార్డు, పంపాలి, లేదా ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. ఎక్కువ దేశాలతో మాట్లాడినవాళ్లకిచ్చే డీఎక్స్‌సీసీ అవార్డుకు కనీసం 100 దేశాలు, ప్రాంతాల నుంచి అలా ధ్రువీకరణ కావాలి. సొంత డబ్బా కొట్టుకునే వీల్లేని ఈ పద్ధతంటే నాకు చాలా గౌరవం. కానీ ఎండలో వేరేవాళ్ల కోసం డైపోల్ (తీగ యాంటెన్నా) కట్టిన మనిషి, ఎవరితో ఎప్పుడు మాట్లాడామో రాసుకునే ఏ లాగ్‌లో కనపడతారు? రోజూ పొద్దున్నే 40 మీటర్ల బ్యాండులో నెట్ (అందరూ ఒకేచోట కలిసే రేడియో సమావేశం) నడుపుతూ, సన్నగా వినిపించే స్టేషన్ కోసం మిగతావాళ్లను ఆగమనే మనిషికి కార్డు ఎవరు పంపుతారు? క్లబ్బు ఉన్నది అలాంటివాళ్లను గుర్తించడానికే అని నా నమ్మకం.

శాలువా, దండ, జ్ఞాపిక మామూలే. కార్యదర్శిగారు మాత్రం ‘ఆయన సేవలు అమోఘం’ అని సరిపెట్టలేదు. ఆయన ఎవరెవరి ఇంటి మీద యాంటెన్నా కట్టారో వాళ్ల కాల్‌సైన్లు (లైసెన్సుతో వచ్చే రేడియో గుర్తింపు పేర్లు) ఒక్కొక్కటే చదివారు. పిలిచినవాళ్లు లేచి నిలబడ్డారు. చదవడం అయ్యేసరికి సగం హాలు నిలబడే ఉంది. నాకు గొంతు పట్టేసింది.

ఫొటోలు అవగానే ఆయన శాలువా మడిచి కుర్చీలో పెట్టి, ఈమధ్యే పరీక్ష పాసైన ఇంటర్ అమ్మాయికి యాంటెన్నా కేబుల్ చివర పెట్టే పీఎల్-259 కనెక్టర్ సోల్డరింగ్ చూపించడానికి కూర్చున్నారు. “చిన్న ఐరన్ చాలదమ్మా, వేడంతా ఈ షెల్లే లాగేస్తుంది. అలాగని మరీ ఎక్కువసేపు ఆనించావో, లోపలి ప్లాస్టిక్ కరిగి మధ్య తీగ, చుట్టూ ఉన్న లోహపు అల్లిక షీల్డుకు తగులుతుంది.” ఆ అమ్మాయి అతికించాక మల్టీమీటర్ పెట్టి చూశారు. పిన్నుకీ షెల్లుకీ మధ్య బీప్ రాలేదు, అంటే రెండూ తగులుకోలేదు. “ఇంక ధైర్యంగా సెట్టుకు పెట్టుకో” అన్నారు.

భోజనాల దగ్గర అండమాన్ మాట వచ్చింది. 2004 డిసెంబరులో భారతి ప్రసాద్ గారి బృందం, హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున, పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. ఏళ్లుగా ఆ దీవుల నుంచి హామ్ సిగ్నల్ లేదు కాబట్టి ప్రపంచంలోని హామ్‌లంతా వాళ్లతో మాట్లాడాలని ఎగబడి పిలిచారు. 26న సునామీ రాగానే అదంతా పక్కనపెట్టి, అవే సెట్ల మీద దీవుల్లోని వాళ్ల క్షేమ సమాచారం పంపారు. ఆవిడకు ఎంత పేరొచ్చినా తక్కువే. అయితే ఇవతలి ఒడ్డున సెట్ ముందు కూర్చుని ఆ కబుర్లు రాసుకుని, బంధువులకు ఫోన్లు చేసిన హామ్‌ల గురించి మా క్లబ్బులో కొత్తవాళ్లకు ఏమీ తెలియదు.

అలాంటివాళ్లు మన ఊళ్లో ఉంటే వెతికి, వచ్చే నెల పిలుద్దామన్నాను. పాత లాగ్‌బుక్కులు ఉంటే తెమ్మని, వాళ్ల చేతే చదివించాలని నా కోరిక. కార్యదర్శిగారు సరేనన్నారు. రేపు సాయంత్రం ఫోన్లు మొదలుపెట్టాలి, ముందు పెద్దాయనకే.