గాలి మళ్లే నెలలో గంజాం

ఒడిశాలో గంజాం జిల్లా గోపాలపూర్ బీచ్‌కి ఎప్పుడు వెళ్లాలని ఎవర్ని అడిగినా ఒకటే జవాబు: అక్టోబర్ నుంచి మార్చి. ఆ ఆర్నెల్లనీ ఒకే గాటన కట్టడం ఎంత తప్పో మా పెద్దమ్మ దగ్గర కాసేపు కూర్చుంటే తెలుస్తుంది. పెళ్లయి ఆ పక్కనే ఉన్న బరంపురం వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ అక్కడే ఉంది. ఇంట్లో తద్దినాల తిథులు గుర్తున్నట్టే తుఫాన్ల తేదీలన్నీ ఆవిడకి గుర్తు. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది అక్టోబర్ 12న. మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖని ఊడ్చేసింది. 2018లో తిత్లీ పలాస దగ్గర విరుచుకుపడింది అక్టోబర్ 11న. 1999లో అయితే ఆ ఒక్క నెలలోనే రెండు: 17న గోపాలపూర్ మీదికి ఒకటి, 29న పారాదీప్ వైపు సూపర్ సైక్లోన్.

“దసరా సెలవులకి వస్తామని ఎవరన్నా వద్దనే అంటాను. వచ్చినవాళ్లకి సముద్రం చూపించాలా, కరెంటు లేని ఇల్లు చూపించాలా?” అంటుంది.

మా ఇంట్లో కోరికలు తలా ఒకటి. పిల్లలకి అలలు, మా ఆవిడకి చిలికా సరస్సు పక్షులు, నాకు ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఒడ్డెక్కి గుడ్లు పెట్టే తాబేళ్లు. హైదరాబాద్ చలికి విసిగి ఉన్నాం కాబట్టి అందరికీ కలిపి కాస్త ఎండ. ఈ లెక్కంతా ఫోన్లో చెబితే మా అక్క మొగుడు నవ్వాడు. “ఎండదేముంది బావా, పన్నెండు నెలలూ ఇక్కడే పడి ఉంటుంది. గాలి చూసుకుని రండి.”

ఆయన మాట పట్టుకుని నెలలు ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చాం. మే నెలలో ఫోన్ తెరిచి చూస్తే గోపాలపూర్‌లో 33 డిగ్రీలే ఉంటుంది. హైదరాబాద్‌లో 42 దగ్గర మాడుతున్నవాడికి ఆ అంకె చూస్తే వెంటనే టికెట్ కొనాలనిపిస్తుంది. కొనకండి. సముద్రం మీంచి వచ్చే గాలి నిండా తేమ, చెమట ఆరనివ్వదు. రాత్రయినా ఉక్కపోత తగ్గదు. స్నానం చేసి తువ్వాలు ఆరేసేలోపు బనీను తడిసిపోతుంది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా మరబోట్ల వేట నిషేధం, కాబట్టి చేపలకి కరువు. వానాకాలంలో గంజాం మొగలి పూల వాసన బ్రహ్మాండం, అత్తరు బట్టీలు నడిచే రోజులవి. కానీ ఆ అలల్లోకి పిల్లల్ని దించలేం. డిసెంబర్, జనవరి హాయిగా ఉంటాయి, అందుకే భువనేశ్వర్ పిక్నిక్ బస్సులన్నీ అప్పుడే దిగుతాయి. తాబేళ్లు మాత్రం అప్పటికి ఇంకా నీళ్లలోనే తిరుగుతుంటాయి. ఇక మిగిలింది ఫిబ్రవరి చివర.

విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. ఇచ్ఛాపురం దాటాక బోర్డుల మీద లిపి మారింది గానీ టీ అమ్మే కుర్రాడు చిల్లర తెలుగులోనే అడిగాడు. బరంపురంలో పెద్దమ్మ వేయించిన అప్పడాల గురించి రాయడం మొదలుపెడితే ఇది యాత్ర కాకుండా పోతుంది, వదిలేస్తున్నా.

ముందు రంభ వెళ్లాం. చిలికా సరస్సుకి అది దక్షిణపు కొస, గంజాం జిల్లాలోనే ఉంది. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించే నీళ్లు ఎండలు ముదిరేకొద్దీ వెనక్కి తగ్గుతాయి. మేం వెళ్లేసరికే ఒడ్డు దగ్గర పడవ అడుగు బురదకి రాసుకుంటోంది. పక్షుల మాటకొస్తే, సగానికి సగం బాతులు అప్పటికే ఉత్తరానికి సర్దుకున్నాయి. మిగిలిన గుంపులు దూరంగా నల్లటి గీతలా కనిపించాయి, పడవ దగ్గరికి వెళ్లేలోపే లేచిపోయాయి. మా ఆవిడ ముఖం చిన్నబోయింది. పక్షుల కోసమే వచ్చేవాళ్లు డిసెంబర్‌లో రావాల్సిందే, పిక్నిక్ బస్సులున్నా సరే. దీవి మీద ఒక స్తంభం చూపించి, కంపెనీ రోజుల్లో గంజాం కలెక్టరుగా చేసిన స్నాడ్‌గ్రాస్ కట్టించాడని, దాని మీద దీపం పెట్టించేవాడని బావ చెప్పాడు. పిల్లలు దాని మీద ఎక్కుతామన్నారు, అంతే.

గోపాలపూర్‌లో జాలర్ల పేట మనదే. ఇక్కడివాళ్లు వీళ్లని నోళియాలంటారు. తాతల కాలంలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవాళ్లు, ఇప్పటికీ ఇంట్లో తెలుగే. పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన దగ్గర ఆగాం. ఎడమకాలి బొటనవేలికి వల కొస తగిలించి బిగువుగా లాగి పట్టుకున్నాడు, కుడిచేతిలో నైలాన్ దారం చుట్టిన చిన్న ప్లాస్టిక్ కండె. కన్ను తర్వాత కన్ను పడుతూనే ఉంది, మాతో మాట్లాడుతున్నంతసేపూ కిందికి చూడలేదు.

తాబేళ్లు ఎప్పుడొస్తాయని అడిగా.

“తారీకు చూసి రావు బాబూ. ఉత్తరం గాలి ఉన్నన్ని రోజులు నీళ్లలోనే తిరుగుతాయి. దక్షిణం గాలి గట్టిగా కొట్టాల. అప్పుడు ఆపినా ఆగవు.”

శాస్త్రవేత్తలు కూడా ఈ దక్షిణపు గాలికీ తాబేళ్లు మూకుమ్మడిగా ఒడ్డెక్కడానికీ సంబంధం ఉందనే రాశారు. అయినా పెద్దాయనకి తాబేళ్ల మీద ప్రేమ ఎంతుందో కోపమూ అంతే ఉంది. నవంబర్ 1 నుంచి మే 31 వరకు ఋషికుల్య, దేవి, ధామ్రా నదులు సముద్రంలో కలిసే చోట 20 కిలోమీటర్ల లోపు వేట చేయకూడదు. “మాకది శ్రీకూర్మం దేవుడు. వల్లో పడితే దణ్ణం పెట్టి వదిలేస్తాం. కానీ ఏడు నెలలు ఆ పక్కకే పోవద్దంటే పొయ్యి ఎలా వెలగాల?” దీనికి మా దగ్గర జవాబు లేదు. నష్టపరిహారం మాటెత్తితే చెయ్యి ఊపేశాడు.

ఆ రాత్రే తాబేళ్లు ఒడ్డెక్కే పురుణబంధ వెళ్లాం, బరంపురం నుంచి గంట ప్రయాణం. అటవీశాఖ కంచె, కాపలా కుర్రాళ్లు, ఫోన్ లైట్లు ఆపమని కేకలు. రెండు మూడు తాబేళ్లు వచ్చాయంతే. పిల్లలు ఇసుకలోనే నిద్రపోయారు. అదృష్టం కొద్దీ తిరుగు టికెట్లు ఇంకా తీసుకోలేదు. మధ్యలో ఒకరోజు పట్టుచీరల కొట్లలో గడిచిపోయింది. ఆ సాయంత్రం పెద్దమ్మ డాబా మీద ఆరేసిన బట్టలన్నీ దక్షిణం గాలికి ఒక్కసారిగా అటు తిప్పుకున్నాయి. బావ పైకెక్కి చూసి కారు తాళాలు తీసుకున్నాడు.

ఈసారి ఒడ్డున అడుగు పెట్టే చోటు లేదు. కంచె ఇవతల నిలబడే చూశాం, అయినా ఒకటి మాకు రెండు గజాల దూరంలోనే గుంట తవ్వుకుంది. వెనక కాళ్లని గరిటెల్లా వంచి, ఒక కాలితో ఇసుక తీస్తే రెండో కాలితో పక్కకి విసురుతుంది. గుంట లోతు తన కాలికి అందినంత. గుడ్లు తెల్లగా, మెత్తగా, జిగురుతో మెరుస్తూ రెండేసి మూడేసి జారాయి. నూరు దాకా పెడుతుందట. కళ్ల నుంచి చిక్కటి నీళ్లు కారుతుంటే మా చిన్నది “ఏడుస్తోంది నాన్నా” అంది. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని అలా బయటికి పంపుతుందని కాపలా కుర్రాడు చెప్పాడు. అన్నిటికంటే వింత చివర్లో జరిగింది. ఇసుక కప్పేసి, దాని మీద ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ దబ్ దబ్‌మని డిప్పతో కొట్టి చదును చేసింది. ఒడ్డు పొడుగునా అవే చప్పుళ్లు. పక్కది పెట్టిన గుడ్లని ఇంకొకటి తవ్వేస్తోంది, కుక్కలు కాచుకుని ఉన్నాయి. చూడముచ్చటగా ఉంటుందని వెళ్తే కొంచెం కష్టమే.

2025 ఫిబ్రవరిలో ఈ ఒక్క ఒడ్డుకే 6 లక్షలకు పైగా తాబేళ్లు వచ్చాయి. కొన్నేళ్లు మూకుమ్మడిగా రానే రావు. అందుకే నా సలహా: ఫిబ్రవరి మూడో వారం తర్వాత రండి, తిరుగు టికెట్ మాత్రం చేతిలో పెట్టుకోకండి. గాలి తిరిగేదాకా రెండు రోజులు అటూ ఇటూ ఆగగలిగితేనే ఈ ప్రయాణానికి అర్థం.

గుడ్లలోంచి తాబేలు పిల్లలు బయటికొచ్చేది 45, 50 రోజులకి, అంటే ఏప్రిల్‌లో. ఇసుక ఎంత వేడెక్కితే అంత ఎక్కువగా ఆడపిల్లలే పుడతాయట. అవి బయటికి రావడం చూడాలంటే ఉక్కపోతకి సిద్ధపడాలి. ఇంకొకటి, బరంపురం ఠాకురాణి జాతర రెండేళ్లకోసారి వేసవిలో వస్తుంది. సూరత్ మగ్గాల దగ్గర పనిచేసే గంజాం వాళ్లంతా అప్పుడే ఊళ్లకి చేరతారు, రైళ్లలో నిలబడే చోటు కూడా ఉండదు. జాతర ఏడాదో కాదో కనుక్కుని మరీ రిజర్వేషన్ చేయించుకోండి. లేకపోతే మా బావలాగా ఇచ్ఛాపురంలో దిగి ఆటోలు మారుకుంటూ ఇల్లు చేరాల్సి వస్తుంది.