ఆ బుక్కు యాడుంది? చన్నపట్నలో నా క్రాఫ్ట్ డాక్యుమెంటేషన్

డిజైన్ చదివేవాళ్లకు ఏదో ఒక సెమిస్టర్‌లో క్రాఫ్ట్ డాక్యుమెంటేషన్ తప్పదు. ఒక చేతిపనిని ఎంచుకోవాలి, చేసేవాళ్ల దగ్గరికి వెళ్లాలి, ముడిసరుకు దగ్గర్నుంచి అమ్మకం దాకా అంతా రాసి, గీసి, ఫొటోలు తీసి పుస్తకంగా ఇవ్వాలి. బెంగళూరులో మా కాలేజీలో దీనికి ఎనిమిది వారాలు ఇచ్చారు. నేను చన్నపట్న లక్క బొమ్మలు తీసుకున్నాను. ఊరు దగ్గర, అంతే. అరవై కిలోమీటర్లు. మెజెస్టిక్‌లో మైసూరు వైపు వెళ్లే మెము రైలు ఎక్కితే పొద్దున వెళ్లి సాయంత్రానికి మారతహళ్లిలో నా గదికి వచ్చేయొచ్చు.

అమ్మమ్మకు ఫోన్‌లో చెబితే, ‘‘చెన్నపట్నమా? మద్రాసెందుకే ఇప్పుడు?’’ అంది. అది వేరు, ఇది వేరు, లక్క బొమ్మలు చేసే ఊరు అని చెప్పాను. ‘‘లక్క బొమ్మలకి అంత దూరం ఏటే? మన ఏటికొప్పాక లేదా?’’ అమ్మమ్మది ఏటికొప్పాకకు దగ్గరి యలమంచిలి. నా చిన్నప్పటి లక్కపిడతలు, ఆ చిన్న తిరగలి, పొయ్యి, బిందె, అన్నీ ఏటికొప్పాకవే. ఆ రోజు ఆ మాట పట్టించుకోలేదు.

మొదటి శనివారం ప్రశ్నల పట్టిక, కెమెరా, రికార్డర్ పట్టుకుని వెళ్లాను. అక్కడ బొమ్మలు చేసేవాళ్లలో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. నేను వెళ్లింది కూడా అలాంటి ఇంటికే. ఇంటి పెద్దాయనను అందరూ చాచా అంటారు, నేనూ అలాగే పిలిచాను. వయసులో ఉన్నప్పుడు కదిరి, హిందూపురం తిరునాళ్లలో బొమ్మలు అమ్మిన మనిషి కాబట్టి తెలుగు బాగానే వచ్చు. నా ప్రశ్నలు నాలుగు విన్నాడు. ఐదోదానికి కర్ర తిప్పే లేత్ మెషిన్ ఆపాడు.

‘‘ఏమ్మా, నీకంటే ముందొచ్చినోళ్లూ ఇవే అడిగిరి. ఫొటోలు తీసిరి. బుక్కు వేస్తామనిరి. ఆ బుక్కు యాడుంది?’’

నా దగ్గర జవాబు లేదు. సోమవారం కాలేజీ లైబ్రరీలో వెతికితే చన్నపట్న మీదే మూడు పుస్తకాలు దొరికాయి. మంచి కాగితం, మంచి ఫొటోలు, అన్నీ ఇంగ్లీషులో. ఒకదాంట్లో చాచా చేతులే ఉన్నాయి, ముఖం లేదు. ఒక్కటి కూడా ఆయన ఇంటికి వెళ్లలేదు. ఆయన ఇచ్చింది ఆయనకు తిరిగి చేరలేదు. నాకిది చిన్న మర్యాద లోపంగా అనిపించలేదు. అప్పు ఎగ్గొట్టడంలాంటిదే అనిపించింది.

మా గైడు మేడమ్‌ది కర్నూలు. అంతా విని, ‘‘ప్రశ్నలు పక్కన పెట్టు. ఒక వస్తువు చెయ్యడం నేర్చుకో. ఆ తర్వాత రాద్దువు గానీ’’ అన్నారు. మొదటి సంవత్సరంలో ఆవిడ చెప్పిన చెంబు పాఠం గుర్తొచ్చింది. 1958లో అమెరికన్ డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో మన చెంబు గురించి రాశారు. ఎంత నీళ్లు పడతాయి, నడుము మీద ఎలా కూర్చుంటుంది, నిండుగా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు తూకం ఎలా మారుతుంది, వంచితే నీళ్లు ఎలా పడతాయి, ఇలా ప్రశ్న మీద ప్రశ్న. చెంబును ఏ ఒక్కరూ తయారు చెయ్యలేదని, తరతరాల చేతులు కలిసి దాన్ని అలా తీర్చాయని వాళ్ల మాట. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) మొదలైంది. పరీక్షలో రాసి మర్చిపోయిన విషయం, చాచా మెషిన్ పక్కన పీట వేసుకున్నాక గాని ఒంటికి పట్టలేదు.

నేను ఎంచుకున్నది పిడత. చిన్న మూకుడంత కూడా ఉండదు. కర్ర ముక్కను మెషిన్‌కు బిగిస్తే గిర్రున తిరుగుతుంది, ఉలి పెడితే పొట్టు రిబ్బన్‌లా లేస్తుంది. పదును సరిగ్గా ఆనితే ఒకటే సన్నటి శబ్దం వస్తుంది. ఆ శబ్దం విరిగిందంటే ఉలి కోణం తప్పినట్టు. చాచా నా వైపు చూడకుండానే, చెవితోనే పట్టుకుని ‘‘వంచు, వంచు’’ అనేవాడు. ఆకారం వచ్చాక గరుకు కాగితంతో నున్న చేసి, తిరుగుతున్న కర్ర మీదే లక్క కడ్డీ ఆనించాలి. రాపిడికి పుట్టే వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. బ్రష్ ఉండదు, నూనె ఉండదు. గట్టిగా నొక్కితే లక్క మాడి నల్లబడుతుంది. మెల్లగా ఆనితే చారలు చారలుగా మిగులుతుంది. ఆపైన ఎండిన ఆకు మడిచి అదిమి పడితే లక్క సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. ఆ ఆకు పట్టే క్షణం గురించి పై మూడు పుస్తకాల్లోనూ ఒక్క వాక్యమే ఉంది. నాకు అక్కడే మూడు శనివారాలు పట్టింది. మాడబోయే ముందు లక్క వాసన మారుతుంది. ఆ వాసన తెలిసిన రోజున పిడత కుదిరింది.

గదికి తెచ్చి కిటికీలో పెట్టుకున్నాను. వారానికి నిలువునా పగిలింది. పట్టుకెళ్లి చూపిస్తే చాచా ఏమీ ఆశ్చర్యపోలేదు. ‘‘పచ్చి కర్ర అది. తెలిసే ఇస్తిని. చెప్తే రాసుకుంటావు, పగిల్తే గుర్తు పెట్టుకుంటావు.’’

కర్ర పేరు అడిగితే ‘ఆలె మర’ అన్నాడు. లక్కను కన్నడంలో అరగు అంటారు, ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు లాఖ్. ఉలి మాత్రం అక్కడా ఉలే. ఆలె మర శాస్త్రీయ నామం వెతికితే రైటియా టింక్టోరియా అని వచ్చింది. అదేమిటో తెలుగులో చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. అంకుడు. ఏటికొప్పాక అంకుడు కర్ర, చన్నపట్న ఆలె మర ఒకే చెట్టు. కొమ్మ విరిస్తే పాలు కారే చెట్టు. కర్ర తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉంటుంది కాబట్టి ఉలికి పెళ్లలు లేవకుండా తెగుతుంది. రెండు ఊళ్ల మధ్య ఇంత దూరం ఉంది, చేతికి తగిలే కర్ర ఒకటే. అమ్మమ్మకు ఫోన్ చేశాను. ‘‘నేను ఏటి చెప్పానే మరి?’’ అంది.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు రెండు రోజులు వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలోనే గడిపాను. అక్కడ లేత్‌ను తరిణి అంటారు. మెరుపు పెట్టేది మొగలి ఆకుతో. సహజ రంగుల మీద అక్కడ పట్టుదలగా పని జరిగింది. ఆ పనికి పేరున్న సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. పసుపు నుంచి పసుపుపచ్చ రంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం తీస్తారు. పసుపు, నీలం కలిపితే ఆకుపచ్చ. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది, చన్నపట్నకు అంతకు చాలా ముందే వచ్చింది. పిల్లలు బొమ్మను ముందు నోట్లోనే పెట్టుకుంటారు. రంగులో సీసం ఉందా లేదా అన్నది అందుకే అన్నిటికంటే పెద్ద ప్రశ్న.

చన్నపట్నలోనూ సహజ రంగులు వాడతారు. చాచాకు ఒక చిక్కు ఉండేది: పసుపు వేసిన బొమ్మ ఎండలో పెడితే వెలిసిపోతుంది, కొన్నవాళ్లు తిట్టుకుంటారు. అది ఆయనకు ఎప్పట్నుంచో తెలుసు, చూపించడానికే ఏమీ లేదు. నేను పసుపు, జాఫ్రా, నీలి లక్క పూసిన కర్ర పట్టీలు తీసుకుని, సగం నల్ల కాగితంతో కప్పి నా గది కిటికీలో ఐదు వారాలు ఉంచాను. పసుపు సగానికి సగం తేలిపోయింది, నీలం ఇంచుమించు అలాగే నిలబడింది. ఆ పట్టీ చూసిన వెంటనే చాచా నా చేతిలోంచి లాక్కుని గల్లాపెట్టె పక్కన మేకుకు తగిలించాడు. ఇప్పుడు కొనేవాళ్లకు దాన్ని చూపించి, కిటికీలో పెట్టొద్దని చెబుతున్నాడు. నా పుస్తకం మొత్తంలో ఆయనకు ముందుగా పనికొచ్చింది అదే.

కోర్సు చివర కొత్త వస్తువు ఒకటి డిజైన్ చెయ్యాలన్న నియమం ఉంది. నేను వంపులు తిరిగిన దీపపు స్తంభం గీశాను. చాచా కాగితం చూసి, ‘‘ఇది ఒకటి తిప్పే టైములో నలభై గిలకలు చేస్తాను. దీనికి నలభై గిలకల దుడ్డు ఇస్తారా?’’ అని అడిగాడు. ఎవరూ ఇవ్వరు. ఆయన రోజూ తిప్పే గిలకలు, గిన్నెల కొలతలతోనే పేర్చుకునే లక్కపిడతల సెట్టు మళ్లీ గీశాను. కొత్త ఉలి అక్కర్లేదు, కొత్త కొలత అక్కర్లేదు. మా పని చూసి మార్కులు వేసే జ్యూరీలో ఒకరు ఇందులో కొత్తదనం తక్కువ అన్నారు. నేను ఒప్పుకోలేదు, మార్చలేదు కూడా.

ఇంకో సంగతి ఇప్పటికీ కడుపులో మంటగానే ఉంది. చాచా కోడలు, నేను భాభీ అని పిలిచే ఆవిడ, లక్క కడ్డీలు చెయ్యడంలో దిట్ట. బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరిచి, రంగు కలిపి, సాగదీసి, మడిచి మళ్లీ సాగదీసి, రంగు సమంగా కలిసేదాకా చేతులు ఆపదు. ఆవిడను మా తరగతికి పాఠం చెప్పడానికి పిలుద్దామని మేడమ్ పూనుకున్నారు. గౌరవ వేతనం ఫారంలో ‘డిగ్రీ’ అన్న గడి ఖాళీగా ఉందని ఆఫీసు వెనక్కి పంపింది. రెండు వారాలు తిరిగాక ‘సహాయకురాలు’ అని రాసి, తక్కువ మొత్తానికి ఆమోదించారు. ఆ పూట తరగతిలో భాభీకి సహాయం చేసింది మేము. నేర్పింది ఆవిడ. ఈ చేతిపనులు నిలవాలని నిజంగా అనుకుంటే ఆ గడి ముందు మారాలి.

జ్యూరీ అయిపోయింది, మార్కులు వచ్చాయి. చాచా ఉర్దూ చదువుతాడు, భాభీ కన్నడం చదువుతుంది. అందుకని మండ్య నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్‌తో కలిసి 24 పేజీల కన్నడ పుస్తకం చేశాం. రాత తక్కువ, బొమ్మలు పెద్దవి. పనిముట్ల పేర్లు వాళ్లు పలికినట్టే పెట్టాం. ప్రతి ఫొటో కింద చేసినవాళ్ల పేరు ఉంది. ఏటికొప్పాక కోసం తెలుగు ప్రతి వేరుగా రాస్తున్నాను.

కన్నడ పుస్తకం తీసుకెళ్లిన రోజు చాచా చేతులు కడుక్కొచ్చి పట్టుకున్నాడు. భాభీ చదువుతుంటే పేజీ పేజీ చూశాడు. అప్పుడు చెవి మీది పెన్సిల్ తీశాడు. మొత్తం ఏడు తప్పులు. ఉలి పట్టిన ఫొటో ఒకటి తలకిందులుగా పడింది. ఆకు మడత గీసిన బొమ్మలో మడత ఒకటి తక్కువ. ఇలాంటివి ఆరు ఆ వారమే సరిచేసి మళ్లీ ప్రింటు వేయించాను.

ఏడోది, కర్ర రెండు మూడు నెలలు ఆరాలి అన్న వాక్యం. దాన్ని అడ్డంగా కొట్టేశాడు. ‘‘ఎండాకాలం కర్రకు సరే. వానల్లో వచ్చిన కర్రకు ఈ లెక్క పట్టదు.’’ మరి ఎన్నాళ్లు అంటే, చేతిలో పెట్టుకుంటే తెలుస్తుందన్నాడు. పుస్తకంలో అలా రాయలేను కదా అంటే, అప్పుడే వచ్చిన లోడులోంచి రెండు ముక్కలు ఇచ్చి, సుద్దతో తేదీ వేసి పంపాడు.

అవి ఇప్పుడు నా మంచం కింద ఉన్నాయి. ప్రతి ఆదివారం వంటింటి తక్కెడ మీద తూచి రాస్తున్నాను. మొదటి వారం పెద్దముక్క 812 గ్రాములు. నిన్నటికి 774. శనివారం తీసుకెళ్లి ఆయన చేతిలో పెడతాను. చాలదంటే మళ్లీ మంచం కిందికే.