అలిగిన బతుకమ్మ నాడు ఫుల్ రిహార్సల్

బతుకమ్మ తొమ్మిది రోజుల్లో నాటకం వాళ్లకు దొరికే సాయంత్రం ఒక్కటే, ఆరో రోజు. అలిగిన బతుకమ్మ నాడు పూలు పేర్చరు, ఆడరు. ఆడ పాత్రలు వేసేవాళ్లు పొద్దుగూకే వేళకు ఇంట్లో ఖాళీగా ఉండేది ఆ రోజే. ఎంగిలిపూల నుంచి అట్ల బతుకమ్మ దాకా సాయంత్రం అయిదు దాటితే ఎవరినీ అడగబుద్ధి కాదు. రేపు వేపకాయల బతుకమ్మ నుంచి సద్దుల దాకా మళ్లీ అంతే. అందుకే పండుగ నెల రాకముందే పంచాంగం తెరిచి, ఈ తేదీ చుట్టూ గీత గీసి "అందరూ రావాలి" అని రాసిపెట్టుకోవాలి. తిథులు అటూ ఇటూ జరిగిన ఏడాది ఆరో రోజు కూడా జరుగుతుంది. పోయినేటి లెక్క చూసుకుంటే ఆగమైతది.

దసరా సెలవులంటే రిహార్సళ్లకు సమయమే సమయం అనుకుంటారు కొత్తగా చేరినవాళ్లు. తీరా చూస్తే సగం మంది ఊళ్లకు పోతారు, మిగతా సగం ఇళ్లకు చుట్టాలొస్తారు. సద్దుల నాడు మా హనుమకొండలో వేయిస్తంభాల గుడి వైపు, పద్మాక్షి గుండం వైపు బండి కదలదు. దసరా నాడు రావణవధ చూడటానికి జనమంతా ఉర్సు రంగలీల మైదానం తోవ పడతారు. ఆ రెండు రోజులు రిహార్సల్ పెట్టినా కాగితం మీదే ఉంటుంది. సెలవుల్లో నిజంగా దొరికేవి పొద్దటి పూటలు. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ముగ్గురు నలుగురు కుదిరితే చాలు, నటులు అక్కర్లేని పనులన్నీ తెముల్తాయి. ఫ్లాట్లు (సెట్టు గోడలుగా నిలబెట్టే గుడ్డ చట్రాలు) కొట్టడం, ప్రాపర్టీస్ (వేదిక మీద వాడే వస్తువులు) పోగేయడం, సౌండ్ ఫైళ్లు సర్దడం లాంటివి. పండుగ నెలలో నాటకం ఆగిందనుకుంటారు గానీ, తెర వెనక భాగం తయారయ్యేది అప్పుడే.

ఈసారి వేసేవి రెండు. మొదటిది కొత్త నాటిక. వరంగల్‌లో మూతబడ్డ ఆజంజాహీ బట్టల మిల్లు కాలనీలో ఒక ఇల్లు, అయిదు పాత్రలు, నలభై అయిదు నిమిషాలు. డిసెంబర్ చివరి వారంలో ఆట. ఆ వారమే ఎందుకంటే ధనుర్మాసం. డిసెంబర్ 16 అటూ ఇటూ మొదలై సంక్రాంతి దాకా పెళ్లి ముహూర్తాలుండవు. టెంట్‌హౌస్ వాళ్లు, లైట్లవాళ్లు, సౌండ్‌వాళ్లు ఖాళీగా ఉండి ఫోన్ ఎత్తే నెల అది. కిరాయి కూడా బేరానికి లొంగుతుంది. కార్తీకంలో, ముహూర్తాలున్న మార్గశిర దినాల్లో ఇదే సామానుకు పెళ్లివాళ్లతో పోటీ పడాలి, పడి గెలిచేది లేదు. పైగా డిసెంబర్ 28 మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ పుట్టినరోజు (1932). హనుమకొండలో ఆ రోజుల్లో కళాకారుల రాకపోకలు ఎలాగూ ఉంటాయి. చూసేవాళ్లను వెతుక్కునే పని తగ్గుతుంది.

హాలు సంగతికొస్తే, 2024 నవంబర్‌లో తెరిచిన కాళోజీ కళాక్షేత్రంలో వేద్దామని కుర్రాళ్ల ఉబలాటం. అయిదు పాత్రల ఇంటి కథకు అంత వేదిక అక్కర్లేదని నా పట్టు. పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం లాంటి హాలు చాలు. పెద్ద వేదిక మీద చిన్న ఇల్లు వేస్తే సెట్టు చుట్టూ చీకటి మిగులుతుంది. ఆ చీకటిని కప్పడానికి నల్ల పర్దాలకు మళ్లీ కిరాయి. ఏ హాలైనా ప్రభుత్వ కార్యక్రమం వస్తే మన తేదీ జరిపే అవకాశం ఉంటుంది కాబట్టి, ఉత్తరంలోనే రెండో తేదీ కూడా రాసివ్వడం మంచిది. అయిదుగురు నటుల చేతా రెండు తేదీలకూ ఒప్పించుకున్న తర్వాతే ఉత్తరం ఇవ్వాలి.

ఈ సాయంత్రం రిహార్సల్ విషయం. మేం చేసే గది పద్దెనిమిది అడుగుల పొడవు, హాలు వేదిక ముప్పై దాకా ఉంటుంది. గదిలో తలుపు దగ్గర్నుంచి మంచం దాకా నాలుగడుగులైతే అక్కడ ఏడవుతాయి. గదిలో కుదిరిన మాట వేదిక మీద మధ్యలోనే అయిపోతుంది, మనిషి మంచం చేరేదాకా మౌనంగా నడవాలి. దీనికి మందు ఒకటే. కొలత టేపు పెట్టి అసలు వేదిక కొలతల్ని డాబా మీద సుద్దముక్కతో గీసి, వారానికి ఒక్కసారైనా అక్కడ నడిపించడం. ఈ రోజు డాబా మీదే చేశాం. అత్త పాత్రధారి వంటింట్లోంచి చెంబుతో వచ్చే చోట మూడు అడుగులు మిగిలిపోయాయి. మాట పెంచమని ఆవిడ అడిగింది. మాట పెంచకుండా బయల్దేరే క్షణం మార్చాం. కొడుకు "ఇగ మిల్లు తెరువరే" అనే వాక్యం చివర్లో కాకుండా మొదట్లోనే ఆమె కదలాలి. రెండుసార్లు చేస్తే కుదిరింది. ఎంట్రీ ఆలస్యమైనప్పుడల్లా డైలాగు అతికించే అలవాటు మంచిది కాదు. అతుకులు వేస్తూ పోతే నలభై అయిదు నిమిషాల నాటిక యాభై అయిదవుతుంది.

సైరన్ దగ్గర ఎక్కువసేపు ఆగాం. నాటికలో మిల్లు సైరన్ మూడుసార్లు మోగాలి, మూడూ ఒకేలా ఉండకూడదు. మొదటిది బయట నుంచి, దూరంగా. రెండోది మాటల మీదుగా. మూడోది ముసలాయనకు మాత్రమే వినబడేది. ముందున్న పెద్ద స్పీకర్లలోంచి వదిలితే అది హాల్లో మోగినట్టు ఉంటుంది, వాడకట్టులో మోగినట్టు ఉండదు. అందుకే వెనక కుడి వింగ్‌లో (వేదిక పక్క మరుగులో) గోడకు ముఖం పెట్టి ఒక చిన్న స్పీకర్ పెడతాం. శబ్దం గోడకు తగిలి మెత్తబడి వస్తుంది. సైరన్ మొత్తం పన్నెండు సెకన్లు. అయిదో సెకనుకు మూడో వంతుకు దించాలి, అప్పుడే నటుడు నోరు విప్పాలి. దించకముందే మాట్లాడితే మొదటి నాలుగు మాటలు పోతాయి. ఆ సీనులో అవే అసలు మాటలు.

శబ్దం ఫోన్‌లోంచి వదిలేవాళ్లు ఇప్పుడు ఎక్కువ. ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే సరిగ్గా చావు సీనులో ఎవరిదో రింగ్‌టోన్ మోగుతుంది. బ్లూటూత్ అసలే వద్దు. నొక్కిన తర్వాత క్షణం ఆగి మోగుతుంది, ఆ క్షణంలో చెంపదెబ్బ కొట్టిన చేయి కిందికి వచ్చేస్తుంది. వైరుతోనే కలపాలి. ఫైళ్ల పేర్లు 01, 02, 03 అని వరుసలో ఉండాలి, "సైరన్ కొత్తది ఫైనల్" లాంటి పేర్లు కాదు. రెండో కాపీ పెన్‌డ్రైవ్‌లో, పెన్‌డ్రైవ్ సౌండ్ మనిషి జేబులో.

మైకుల దగ్గర మా వాళ్లలో రెండు పార్టీలున్నాయి. కాలర్ మైకులు కావాలనేవాళ్లు వాటి బాధలు కూడా లెక్కేసుకోవాలి. గొంగడి కప్పుకున్న పాత్రకు కాలర్ మైకు పెడితే మాటకంటే గొంగడి రాపిడే ఎక్కువ వినబడుతుంది. చెమటకు టేపు ఊడుతుంది. కొత్త బ్యాటరీలు వేయకపోతే సగంలో మూగబోతుంది. అయిదు పాత్రలకు వేదిక అంచున మూడు మైకులు, పైనుంచి వేలాడే రెండు సరిపోతాయి. ఒక్క షరతు, ఫ్యాన్లు ఆపాలి. డిసెంబర్‌లో అదేం కష్టం కాదు. కూత రావొద్దంటే స్పీకర్లు మైకుల వరుసకంటే ముందుండాలి, ముఖం జనం వైపు. ఇంత తెలిసినా ప్రతిసారీ ఎవరో ఒకరు స్పీకరును వేదిక మీదికే జరుపుతారు, నటులకు వినబడట్లేదని.

లైట్ల లెక్క పొద్దున్నే వేశాం. హాలొజెన్ పార్ (వేదిక మీదికి వేసే లైటు) ఒక్కోటి వెయ్యి వాట్లు. పదహారు ఆంపియర్ల సాకెట్ నుంచి 230 వోల్టుల దగ్గర వచ్చేది మూడు వేల ఆరు వందల ఎనభై వాట్లు, అంటే మూడు లైట్లు. నాలుగోది పెడితే లోడ్ మించుతుంది, ట్రిప్ అయ్యే ప్రమాదం, అదీ అన్నీ ఒకేసారి వెలిగే ఆఖరి సీనులో. పన్నెండు లైట్లు వాడాలంటే యాభై రెండు ఆంపియర్ల పైన, కాబట్టి మూడు ఫేజులకు నాలుగేసి పంచాలి, ఆ నాలుగూ ఒకే సాకెట్‌కు కాకుండా. సౌండ్ లైను డిమ్మర్ల లైనుకు పక్కనే పోకూడదు. లైటు తగ్గించినప్పుడల్లా స్పీకర్లో తుమ్మెద మోత వస్తుంది. ఎల్ఈడీ పార్లు రెండు వందల వాట్లలోపే తీసుకుంటాయి, లోడ్ బాధ ఉండదు. కానీ చౌక రకాల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం తప్ప వేరే రంగు లేక ముఖాలు ఊదా రంగుకు తిరుగుతాయి. కింది స్థాయిలో వెలుగు మెట్లు మెట్లుగా దిగుతుంది. ముఖం మీదికి హాలొజెన్, వెనక రంగులకు ఎల్ఈడీ. ప్రస్తుతానికి ఇదే మా ఏర్పాటు.

ఈ వారం పొద్దటి పూటలన్నీ ఫ్లాట్లకే పోయాయి. ఎనిమిది అడుగుల ఎత్తు, నాలుగు అడుగుల వెడల్పు, రెండంగుళాలు ఒక అంగుళం పట్టెల చట్రం. నాలుగు మూలలకూ ప్లైవుడ్ త్రికోణం ముక్కలు, ఒక ఏటవాలు పట్టె. ఏటవాలు పట్టె వేయకపోతే గుడ్డకు పూత పూసిన రాత్రే చట్రం మెలితిరుగుతుంది. తడిసిన గుడ్డ ఆరుతూ ముడుచుకుంటుంది కదా. అంటించడానికి మైదా ఉడికించిన జిగురు, అందులో చిటికెడు మైలుతుత్తం. అది కలపకపోతే సామాన్ల గదిలో ఎలుకలు, పురుగులు మైదా రుచి మరిగి, ఉగాది నాటికి ఫ్లాటుకు అంచులుండవు. మైలుతుత్తం విషం కాబట్టి ఆ గిన్నె మళ్లీ వంటకు వాడొద్దు, పిల్లలకు అందే చోట పెట్టొద్దు. రంగు డిస్టెంపరే వేయాలి. ఆయిల్ పెయింట్ లైటు పడితే మెరుస్తుంది, మట్టిగోడ కాస్తా బాత్రూం గోడ అవుతుంది.

మేకప్‌లో ఈసారి కొత్త పని దూది. మిల్లులో పనిచేసే మనిషి జుట్టులో, కనుబొమల మీద దూది పోగులుండాలి. దూది చల్లితే మొదటి విసురుకే రాలుతుంది. జుట్టుకు కాస్త కొబ్బరినూనె రాసి, దూదిని వేళ్లతో సన్నగా పీకి అద్దితే గంటసేపు నిలుస్తుంది. ఈ రోజు పరీక్షించాం. కనుబొమల దగ్గర మాత్రం బయటి కొసకే పెట్టాలి, లోపలికి పెడితే కంట్లో పడుతుంది. ముసలాయన తలకు పౌడరు వద్దు. తల తిప్పినప్పుడల్లా లైట్లో పొగలా లేస్తుంది. తెల్ల పాన్‌కేక్ (బిళ్లగా దొరికే మేకప్ రంగు) తడిపి పాత టూత్‌బ్రష్‌తో దువ్వాలి. మీసానికి స్పిరిట్ గమ్ అంటించే ముందు మోచేతి లోపల ఒక చుక్క వేసి అరగంట చూడాలి. దద్దు లేస్తే ఆ నటుడికి సొంత మీసమే గతి, ఇప్పటి నుంచే పెంచుకోవాలి.

రెండోది ఏప్రిల్ 16కు. కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ రోజుకు వేదం వెంకటరాయశాస్త్రి 'ప్రతాపరుద్రీయం' (1897) నుంచి పేరిగాడి ఘట్టాలు అనుకున్నాం. మన ఓరుగల్లు కథ, రాజు పోలికలున్న చాకలిని సింహాసనం మీద కూర్చోబెట్టే చిక్కు, నవ్వు పుష్కలం. కర్త 1929లో పోయారు కాబట్టి హక్కుల బెంగ లేదు. చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్లు దాటితే ఎవరైనా వేయొచ్చు. బతికున్న రచయిత నాటికకైతే, టికెట్టు లేని ఆటకు ఔత్సాహిక సమాజాలకు చట్టంలో మినహాయింపు ఉన్నా, రాతపూర్వకంగా అనుమతి అడగడమే మర్యాద. టికెట్టు పెడితే మనిషికి అయిదు వందల లోపు నాటకాలకు జీఎస్టీ లేదు. మేం వంద దాటే ప్రశ్నే లేదనుకోండి.

పూర్తి నాటకం ఇప్పటి జనం కూర్చునే పొడవు కాదు. కత్తిరించేటప్పుడు చేయాల్సింది, ముందు ఏ సంగతి తెలియకపోతే తర్వాతి నవ్వు అర్థం కాదో ఆ వాక్యాల కింద గీతలు గీయడం. మిగతాదంతా పోయినా ఫర్వాలేదు. పేరిగాడి మాట ఇక్కడి మాట కాదు, మన యాసలోకి మార్చేద్దామని సగం మంది. "వద్దన్నా, రాసినట్టే ఉంటేనే ఆ పాత్రకు రుచి" అని హార్మోనియం వాయించే తమ్ముడు అడ్డం తిరిగాడు. నాకూ అదే అనిపిస్తుంది గానీ, నాలుగు పేజీలు రెండు రకాలుగా చదివించి చూద్దామన్నాను.

మధ్యలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆటలు పెట్టుకోం. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతర్లలో ఒగ్గు కళాకారులు తీరిక లేకుండా ఉంటారు, డోలు అడిగినా దొరకదు. మార్చిలో పిల్లల పరీక్షలు. జాతర వేదిక మీద వేయమని ఎవరైనా పిలిస్తే రెండు సంగతులు ముందే మాట్లాడుకోవాలి. రాత్రి పది తర్వాత మైకుకు ప్రత్యేక అనుమతి ఉందా, మంచు పడే వేళకు తోలు వాద్యాలు పెట్టుకునే చోటు ఉందా. మంచుకు తోలు వదులై శ్రుతి దిగుతుంది. పక్కన అరవై వాట్ల బల్బు వెలిగించి, దానికి రెండడుగుల దూరంలో పెట్టుకుంటే నిలబడుతుంది.

రేపు పొద్దున రెండో ఫ్లాటుకు పూత, కిటికీ చట్రం. మార్కిన్ గుడ్డ నాలుగు మీటర్లు తక్కువ పడింది. దసరా రద్దీలో బట్టల దుకాణంలో నిలబడే ఓపిక ఎవరికి ఉందో కనుక్కోవాలి.