గూగుల్‌కి మా బరంపురం దొరికేదాకా

మా మావయ్యకి ఒడిశాలోని బరంపురంలో పట్టుచీరల కొట్టుంది. దానికి వెబ్‌సైట్ చేయించి ఏడాది దాటినా, అది చూసి ఫోన్ చేసినవాళ్లు ఒక్కరూ లేరు. చేసిపెట్టిన సంస్థ ‘మూడు నెలల్లో గూగుల్ ఫస్ట్ పేజీ, గ్యారంటీ’ అని కాగితం మీద రాసిచ్చింది. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే చెబుతోంది. కానీ పొద్దున్నుంచి రాత్రిదాకా చీరలు విప్పి చూపించి మళ్లీ మడతపెట్టే మనిషికి అవి చదివే తీరికెక్కడిది? “డిగ్రీ చదివావు కదరా, నువ్వే చూడు” అని పని నాకు అప్పగించాడు.

కోర్సుకి డబ్బు కట్టలేదు. సెర్చ్‌లో సైట్ బాగా కనిపించేలా చేసే పనిని ఎస్‌ఈఓ అంటారు. గూగుల్ ఉచితంగా పెట్టిన ఎస్‌ఈఓ స్టార్టర్ గైడ్‌ని తాపీగా చదివితే మనలాంటి చిన్న కొట్టుకి చాలావరకు సరిపోతుంది. యూట్యూబ్‌లో తెలుగు వీడియోలకి కొదవలేదు గానీ, వాటిలో చాలా చిట్కాలకి కాలం చెల్లింది. జనం వెతికే మాటల్ని పేజీ కోడ్‌లో రాసిపెట్టే కీవర్డ్స్ మెటా ట్యాగ్ నింపమని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. ర్యాంకింగ్‌కి దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే తేల్చేసింది.

అసలు మా సైట్ గూగుల్ దగ్గర ఉందా లేదా అని ముందు చూశాను. సెర్చ్‌లో ‘సైట్’ అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, పక్కనే డొమైన్ పేరు, అంటే సైట్ అడ్రస్, ఇస్తే గూగుల్ దగ్గరున్న పేజీలు వస్తాయి. ఏమీ రాలేదు. గూగుల్ బాట్ అనే ప్రోగ్రామ్ వచ్చి పేజీ చదవాలి, చదివింది ఇండెక్స్ అనే తన జాబితాలో చేర్చాలి, ఆ తర్వాతే ఎవరిని ముందు చూపించాలన్న లెక్క. మేము ర్యాంకు గురించి గొడవపడుతున్నాం, పేజీలు ఇండెక్స్‌లోనే లేవు.

ఎందుకు లేవో తెలియాలంటే, సైట్ ఉన్నవాళ్లకి గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్ కావాలి. అందులో సైట్ మనదేనని రుజువు చేయడానికి ఒక దారి, డొమైన్ సెట్టింగుల్లో ఒక రికార్డు చేర్చడం. అక్కడికి వెళ్తే తెలిసింది, డొమైన్ మావయ్య పేరు మీదే లేదని. డబ్బు కట్టింది ఆయన, కొన్నది ఆ సంస్థ వాళ్ల మెయిల్‌తో. ఫోన్ ఎత్తరు. ఎత్తితే ‘సార్ మీటింగ్‌లో ఉన్నారు’. వాళ్ల చేత ఆథరైజేషన్ కోడ్ ఇప్పించుకుని డొమైన్‌ని మన ఖాతాలోకి మార్చుకోవడానికి పడ్డ టెన్షన్ ఒక ఎత్తు, మిగతా ఎస్‌ఈఓ అంతా ఒక ఎత్తు.

కన్సోల్ తెరుచుకున్నాక జబ్బు ఇట్టే దొరికింది. ఏ పేజీ అడ్రస్ ఇచ్చి పరీక్షించినా ‘నోఇండెక్స్’ అంటోంది. సైట్‌ని నడిపే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో, సెర్చ్ ఇంజన్లు ఈ సైట్‌ని ఇండెక్స్ చేయొద్దు అని ఒక టిక్ ఉంటుంది. సైట్ తయారవుతున్నప్పుడు పెట్టి, పని అయ్యాక తీసేయాలి. వాళ్లు తీయలేదు. టిక్ తీసేసి, మా పేజీల జాబితా ఉండే సైట్‌మ్యాప్‌ని గూగుల్‌కి పంపాను. ఇక్కడ చాలామందిని తికమకపెట్టే విషయం ఒకటుంది. ఏ పేజీలు తెరవొద్దో బాట్‌కి చెప్పే రోబోట్స్ ఫైల్‌లో అడ్డు పెడితే అది పేజీ తెరవదు, అంతే. వేరే సైట్లలో లింకులుంటే ఆ అడ్రస్ ఫలితాల్లో కనిపించొచ్చు. నోఇండెక్స్ అనే మాట బాట్ కంట పడాలంటే పేజీ తెరవనివ్వాలి. కాబట్టి ఒకే పేజీకి రెండూ పెడితే నోఇండెక్స్ పెట్టినా పెట్టనట్టే.

పేజీలు ఇండెక్స్‌లోకి వచ్చాయి. అప్పుడు మొదలైంది అసలు కథ. కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ రిపోర్టు అని ఉంటుంది. ఎవరు ఏం కొట్టి వెతికితే మన పేజీ కనిపించింది, ఎన్నిసార్లు నొక్కారు, సగటున ఎన్నో స్థానం అన్నీ చూపిస్తుంది. తీరా చూస్తే మమ్మల్ని ముర్షిదాబాద్ పట్టు కోసం వెతికేవాళ్లకి ఎక్కడో అడుగున చూపిస్తోంది. బెంగాల్‌లోనూ ఒక బరంపురం ఉంది, ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒకటి రెండు అక్షరాల తేడా. అక్కడా పట్టే, ఇక్కడా పట్టే. పైగా మా ఊరి సర్కారీ పేరు బ్రహ్మపుర్. “మనం వందల ఏళ్లుగా ఇక్కడుంటే గూగుల్ బెంగాల్‌కి పంపిస్తాదేంట్రా?” అని మావయ్య కోపం.

తప్పు గూగుల్‌ది కాదు. ఆ సైట్‌లో ‘ప్రీమియం క్వాలిటీ, ఎలిగెంట్ లుక్’ తప్ప ఇంకేమీ లేదు. అవే మాటలు సూరత్ చీరకీ అతుకుతాయి, బనారస్ చీరకీ అతుకుతాయి. మాకే ఉన్నదేంటో చెప్పాలి కదా. గుడి ఆకారాలు వరుసగా నడిచే ఫోడా కుంభ అంచు మాది. జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే సర్కారీ ముద్ర) కూడా ఆ పేరుతోనే ఉంది, చీరకీ, మగవాళ్లు కట్టే జోడుకీ. నేసేది మా దేరా నేతగాళ్ల కుటుంబాలు, ఎప్పుడో ఆంధ్ర వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లం. ఇవన్నీ రాశాను. ప్రతి పేజీ కింద గంజాం జిల్లా, ఒడిశా, పిన్ కోడ్ ఒకే రకంగా పెట్టాను. అదే అడ్రసు గూగుల్‌కి నేరుగా అర్థమయ్యేలా లోకల్ బిజినెస్ స్కీమా కోడ్‌లోనూ ఇచ్చాను.

మిగతా పేజీలకి విషయం కీవర్డ్ టూల్స్ నుంచి కాదు, కొట్టు ఫోన్ నుంచి వచ్చింది. జనం ఏం అడుగుతున్నారో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టమని మావయ్యకి చెప్పాను. జాకెట్టు ముక్క వస్తుందా, ఇంట్లో ఉతకొచ్చా, ముహూర్తానికి అందుతుందా, అసలు పట్టే అని నమ్మకం ఏంటి. ఆ ఆఖరి ప్రశ్నకి జవాబు కొట్టుకొచ్చే ఒక ముసలి నేతగాడు చెప్పారు. పోగు కాలిస్తే జుట్టు కాలిన వాసన రావాలి, మిగిలింది వేళ్లతో నలిపితే పొడి కావాలి. పాలిస్టరైతే కరిగి గట్టి ముద్దవుతుంది. నేను రాసుకుంటుంటే, “చీర కాల్చమని రాసేవు నాయనా, మా కొంప ముంచేవు! లోపలి వైపు నుంచి ఒక్క పోగు లాగమని రాయి” అన్నారు. అలాగే రాశాను. ఈ రోజుకీ మా సైట్‌లో ఎక్కువమంది చదివేది ఆ పేజీయే.

ఫొటోల సంగతి త్వరగా తేలింది. ఫోన్లో తీసినవి తీసినట్టే పెట్టారు, ఒక్కోటి ఐదేసి ఎంబీలు. పేజీలో పెద్ద బొమ్మ రెండున్నర సెకన్ల లోపు కనబడాలన్నది గూగుల్ కొలత. సైజు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫార్మాట్‌లోకి మార్చాను, ప్రతి బొమ్మకీ ఆల్ట్ టెక్స్ట్‌లో, అంటే బొమ్మని మాటల్లో చెప్పే చోట, అది ఏ చీరో రాశాను. ఇదంతా ఫోన్‌లో తెరిచే చూసుకోవాలి, ఎందుకంటే గూగుల్ ఇండెక్స్ చేసేది మొబైల్‌లో కనబడే పేజీనే.

మ్యాప్స్‌లో కొట్టు కనిపించడానికి పెట్టే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కి, కొట్టు నిజంగా ఉందని రుజువుగా గూగుల్ వీడియో అడిగింది. వీధి, బోర్డు, షటర్ తాళం తీసి లోపలికి వెళ్లడం, అన్నీ ఆపకుండా తీయాలి. మావయ్య కొత్త చొక్కా వేసుకొచ్చాడు. వీడియోలో మనిషి ముఖం అక్కర్లేదని ఎంత చెప్పినా వినలేదు.

సైట్ కాస్త కనిపించడం మొదలవగానే ‘వెయ్యి బ్యాక్‌లింకులు, తక్కువ రేటు’ అని ఫోన్లు, అంటే వేరే సైట్ల నుంచి మాకు లింకులు అమ్ముతామని. 1998లో గూగుల్ స్థాపకులు బ్రిన్, పేజ్ రాసిన పేజ్‌ర్యాంక్ పద్ధతిలో లింకులు ఓట్ల లాంటివి, నిజమే. కొన్న ఓట్ల పని పట్టడానికే 2012లో గూగుల్ పెంగ్విన్ అప్‌డేట్ వచ్చింది. మాకు పనికొచ్చిన లింకు ఒక లెక్చరర్ తన వ్యాసంలో మా నేత పేజీకి ఇచ్చింది. అడగలేదు కూడా.

ఠాకురాణి జాతర మీద రాసిన పేజీ గురించి చెప్పాలి. రెండేళ్లకోసారి అమ్మవారు పుట్టింటికని దేశిబెహెరా వీధికి వస్తుంది, దేరావాళ్ల ఆడపడుచు కదా. ఆ సీజన్‌లో ఆ పేజీకి జనం బాగా వచ్చారు. చీర మాత్రం ఎవరూ కొనలేదు. వచ్చినవాళ్లకి కావలసింది జాతర తేదీలు. నాకు ఆ పేజీ అంటే ఇష్టం, అందుకే ఉంచాను. వ్యాపారం లెక్కలో మాత్రం కలపను.

ఫలితానికి నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ వాళ్లు చెప్పే మాట మా విషయంలో సరిపోయింది. ‘సిల్క్ సారీ’ అని వెతికితే మేము ఇప్పటికీ ఎక్కడా ఉండం, ఉండాలన్న ఆశా లేదు. ఫోడా కుంభ అని వెతికేవాళ్లకి మాత్రం మొదటి పేజీలో కనిపిస్తున్నాం. తెలుగు పేజీలకి వచ్చేవాళ్లు తక్కువే గానీ, వచ్చినవాళ్లు నేరుగా ఫోన్ చేస్తున్నారు. విశాఖ నుంచి, శ్రీకాకుళం నుంచి. మావయ్య తెలుగులో మాట్లాడేసరికి బేరం అక్కడే కుదిరిపోతోంది.

ఈ మధ్య పక్కనున్న అప్పడాల కొట్టాయన కూడా తన సైట్ చూడమని అడిగారు. సరే అన్నాను. ముందు డొమైన్ ఎవరి పేరు మీదుందో కనుక్కుని రమ్మన్నాను.