పడవల కాలువ గట్టున సుంకేసుల దాకా

కర్నూలు నుంచి తుంగభద్ర మీద బ్యారేజీ ఉన్న సుంకేసులకు బస్సులో వెళ్లడం మాకు కొత్త కాదు. కేసీ (కర్నూలు–కడప) కాలువ గట్టు పట్టుకుని సైకిళ్ల మీద వెళ్లి, అక్కడే ఒక రాత్రి గుడారంలో పడుకుని రావాలన్న ఆలోచన మాత్రం మా తమ్ముడి మాటల్లోంచి పుట్టింది. ఉద్యోగరీత్యా అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఉన్న రోజుల్లో అతడు గ్రేట్ అలెగేనీ ప్యాసేజ్ అనే బాట మీద కంబర్లాండ్ దాకా సైకిలు తొక్కాడు. అది రైళ్లు ఆగిపోయిన పాత మార్గం. పట్టాలు పీకేసి, సన్నటి కంకర పరిచి, దాదాపు 240 కిలోమీటర్ల పొడవున సైకిలు బాటగా మార్చారు. అది ముగిసిన చోటే చెసపీక్–ఒహాయో కాలువ గట్టు మొదలై వాషింగ్టన్ దాకా మరో 297 కిలోమీటర్లు సాగుతుంది. ఒకప్పుడు ఆ గట్టు మీద కంచరగాడిదలు నడుస్తూ పడవలను లాగేవి. 1924లో వచ్చిన వరదతో పడవలు ఆగిపోయాయి, గట్టు మిగిలింది. రైలుకైనా పడవకైనా నిట్టనిలువు ఎత్తులు పనికిరావు గనుక, వాటి కోసం వేసిన దారులు పిల్లలు తొక్కడానికి కూడా అనువుగా ఉంటాయని అతడు వివరించి, "అటువంటి గట్టు మీ ఇంటి వెనకాలే ఉంది గదక్కా" అన్నాడు.

అతడన్నది నిజమే. కర్నూలు–కడప కాలువను సాగునీటి కోసమే గాక పడవల రాకపోకల కోసం కూడా తవ్వారన్న సంగతి మా ఊళ్లోనే చాలామందికి తెలియదు. ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో పని మొదలుపెట్టి, 1870 ప్రాంతానికి తుంగభద్ర నుంచి పెన్న దాకా 306 కిలోమీటర్ల కాలువను పూర్తి చేసింది. నల్లరేగడిలో వానకు పండే జొన్న, పత్తి వేసుకునే రైతులు డబ్బు కట్టి నీళ్లు తీసుకోవడానికి ముందుకు రాలేదు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి, 1882లో కాలువ ప్రభుత్వం చేతికి వచ్చింది. పడవలు 1933 దాకా తిరిగాయి. ఇప్పుడు రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఈ నీటి కోసం ఎదురుచూస్తుందంటే, ఆనాటి కంపెనీ వాళ్లు నమ్మి ఉండేవారు కాదేమో.

డిసెంబరు సెలవుల్లో బయలుదేరాం. మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, ఐదో తరగతి అబ్బాయి, నేను. గుడారం, దుప్పట్లు మా ఆయన క్యారేజీకి. తిండి సామాను నా బుట్టలో. నీళ్లు, పంపు, పంక్చరు సామాను అమ్మాయి వీపున. ఇంట్లో ఉండిపోయిన మా మామగారు గుడారాన్ని చూసి నవ్వి, 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు ప్రభుత్వ కార్యాలయాలే డేరాల్లో నడిచాయనీ, తాను చిన్నపిల్లవాడిగా వాటి మధ్య తిరిగాననీ చెప్పి, "మన ఊరికి డేరాలేం కొత్తమ్మా" అన్నారు.

ఊళ్లో దారి మాత్రం చెప్పుకోదగ్గది కాదు. హంద్రీ నది మీదుగా కాలువను దాటించిన అక్విడక్ట్ దగ్గర అబ్బాయి దిగి, కింద నది, పైన కాలువ ఎలా ఉన్నాయని చాలాసేపు చూశాడు. పాఠంలో బొమ్మగా చూపిస్తే నిమిషంలో మరిచిపోయే సంగతిని అక్కడ నిలబడి తనే అర్థం చేసుకున్నాడు. వినాయక ఘాట్ దాటేదాకా గట్టంతా ప్లాస్టిక్, విరిగిన విగ్రహాల ఇనుప చువ్వలు, మురుగు వాసన. ఏటా నిమజ్జనానికి ఊరంతా తరలివచ్చే కాలువను మిగతా రోజులన్నీ చెత్తకుండీగా వాడుకోవడం చూస్తే కోపం వస్తుంది.

ఊరు దాటాక గట్టు జీపు పట్టేంత వెడల్పుతో తెరుచుకుంది. మేము కాలువకు ఎగువగా పోతున్నామన్న మాటే గానీ కాళ్లకు ఎక్కుడు తెలియలేదు. తూర్పు గాలి వీపున ఉండి తోస్తోంది. ఒక పక్క కాలువ, మరో పక్క కోతకు వచ్చిన వరి, ఎర్రబడుతున్న మిరప. మునగాలపాడు, నిడ్జూరు పొలాల మీదుగా సాగే ఈ భాగంలో కంప చెట్లు మూసుకుపోయి గట్టు తెగిన చోట్ల దిగి సుంకేసుల రోడ్డు ఎక్కి, మళ్లీ గట్టు చేరుకున్నాం. గట్టుకు అసలు శత్రువు పల్లేరు. నేల మీద పాకి పసుపు పూలు పూసే ఆ తీగ కాయకు ముళ్లు ఎటు పడినా ఒకటి పైకే నిలబడేలా ఉంటాయి. అబ్బాయి టైరు మెత్తబడగానే అమ్మాయి ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, కాలువ నీళ్లలో ముంచింది. ఒక చోట బుడగలు వస్తాయనుకుంటే నాలుగైదు చోట్ల వచ్చాయి. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది తడి ఆరేదాకా ఆగి ప్యాచ్ వేయాలి. ఆగలేక వెంటనే అంటిస్తే ఊడిపోతుంది. టైరు లోపలి వైపు వేలితో నిదానంగా తడిమి విరిగిన ముల్లు మొనలు తీయకపోతే ఇంకో ఫర్లాంగులో మళ్లీ అదే కథ.

పొద్దు వాలేవేళకు సుంకేసుల చేరాం. మా ఆయన ముందుగానే మాట్లాడి పెట్టిన ఒక రైతు పొలంలో, కళ్లం పక్కన గుడారం వేసుకున్నాం. ఆ పెద్దాయన మా వాలకం చూసి, "ఏమ్మా, బస్సుల్లేవా ఏంది, బిడ్డల్తో సైకిళ్లు తొక్కుకుంటా వచ్చినారు?" అని అడిగాడు గానీ, కాసేపటికే వాళ్లింటి నుంచి వేడి జొన్న రొట్టెలు, బుడ్డల (వేరుశనగ) పొడి, ఉల్లిగడ్డలు వచ్చాయి. నేను మోసుకొచ్చిన పులిహోరను ఎవరూ ముట్టలేదు. చలికి భయపడి గుడారం జిప్పులన్నీ బిగించి పడుకుంటే, తెల్లవారుజామున మా ఊపిరి తేమే పైగుడ్డకు పట్టి చుక్కలు చుక్కలుగా ముఖాల మీద పడింది. పై కిటికీ కాస్త తెరిచి ఉంచాలని పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేకుండా తెలిసింది.

పొద్దున బ్యారేజీ చూశాం. దీనికి కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు పెట్టారు. నిల్వ సామర్థ్యం 1.2 టీఎంసీలు మాత్రమే, అంటే కాలువ అవసరాలతో పోలిస్తే చాలా తక్కువ. పై నుంచి నీళ్లు వస్తేనే కాలువకు పారకం. 2009 అక్టోబరు 2న కర్నూలును ముంచిన వరద ఈ బ్యారేజీ మీదుగా ఎలా పొర్లిందో పెద్దాయన చేయి చూపిస్తూ చెప్పాడు. అవతలి గట్టున చేనేతకు పేరున్న రాజోలి కూడా అప్పుడు బాగా దెబ్బతిన్నది. పెద్దవాళ్లకు అది నిన్నమొన్నటి సంగతి, మా పిల్లలకు పుట్టకముందు చరిత్ర.

టిఫిను బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని తిరుగుదారి పట్టాం. గాలి ఎదురై తొక్కడం బరువైంది గనుక ఎక్కువ భాగం రోడ్డు మీదే వచ్చాం. గట్టు మీద కంప కొట్టించి, రెండు మూడు మైళ్లకొక చోట నీడా తాగునీరూ ఏర్పాటు చేస్తే కర్నూలు నుంచి కడప దాకా ఇది సైకిలు బాట అవుతుంది; కొత్తగా భూమి సేకరించే పని కూడా లేదు. అది ఎవరైనా చేసేదాకా వెళ్లదలచినవాళ్లు పంక్చరు సామాను, మందపాటి టైర్లు పెట్టుకుని శీతాకాలంలోనే వెళ్లాలి. కాలువ పారుతున్నప్పుడు పిల్లలను నీళ్లలోకి దిగనివ్వకూడదు, పైకి నిదానంగా కనిపించినా అడుగున ఈడ్పు బలంగా ఉంటుంది. మేము సంక్రాంతి తర్వాత అక్విడక్ట్ నుంచి దిగువకు, నంద్యాల వైపు వెళ్దామనుకుంటున్నాం. తమ్ముడు కూడా వస్తానన్నాడు. సైకిలు మాత్రం మేమే చూడాలట.